సాగరతీర నగరంలో విశ్రాంత జీవనం: ఖర్చు ఎంత, ఆరోగ్యం ఎంత?



కాప్రా, సైనిక్‌పురి, ఎ.ఎస్. రావు నగర్, నాచారం ప్రాంతాలలో ఉద్యోగ విరమణ చేసినవారు చాలామంది ఉన్నారు. ఈసీఐఎల్, ఎన్.ఎఫ్.సి. సంస్థలలోను, రక్షణ శాఖలోను పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవారు వీరు. వీరిలో కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడినవారూ ఉన్నారు. పిల్లలు విదేశాలకో, గచ్చిబౌలి వైపుకో వెళ్ళిపోయి ఇంట్లో ఇద్దరే మిగిలిన తర్వాత వారిలో ఒక ఆలోచన మొలకెత్తుతుంది. “విశాఖపట్నం వెళ్ళిపోతే ఎలా ఉంటుంది డాక్టరు గారూ? సముద్రపు గాలి, తక్కువ రద్దీ, ఖర్చు కూడా కలిసివస్తుంది కదా” అని నన్ను తరచు అడుగుతుంటారు.

ఇది తేలికగా తీసుకోవలసిన ప్రశ్న కాదు. అరవై అయిదేళ్ళ వయసులో ఇల్లు అమ్మి ఊరు మారినవారికి డెబ్బై అయిదేళ్ళ వయసులో వెనుకకు రావడం దాదాపు అసాధ్యం. అందువలన నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ నిర్ణయంలో మనవారు ఇంటి అద్దెకు, సముద్ర దృశ్యానికి ఇవ్వవలసినదానికన్న ఎక్కువ విలువ ఇస్తున్నారు. శరీర తత్త్వానికి, ఆసుపత్రి దూరానికి, ఇరుగుపొరుగుకు ఇవ్వవలసినంత విలువ ఇవ్వడం లేదు.

సముద్రపు గాలి మందు వంటిదా?

బ్రిటిషువారి కాలంలోనే వాల్తేరు మెట్ట ఆరోగ్యకరమైన నివాసస్థలమని పేరు పొందింది. ఆ నమ్మకం నేటికీ మనలో ఉంది. దానిలో కొంత నిజం లేకపోలేదు. ఇంగ్లండులో 2001 జనాభా లెక్కలను పరిశీలించిన ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సముద్రానికి దగ్గరగా నివసించేవారు తమ ఆరోగ్యం బాగున్నదని కొంత ఎక్కువగా చెప్పినట్లు 2012లో ప్రకటించారు. నడవడానికి విశాలమైన తీరం, కంటికి ఊరట, మనసుకు విశ్రాంతి ఇందుకు కారణాలు కావచ్చును.

అయితే అదే దేశపు ప్రధాన వైద్యాధికారి 2021లో తన వార్షిక నివేదికను తీరప్రాంత ప్రజల ఆరోగ్యానికే కేటాయించి, ఆ పట్టణాలలో వ్యాధుల భారం ఎక్కువగా ఉన్నదని హెచ్చరించారు. వృద్ధులు పెద్దసంఖ్యలో అక్కడికి చేరడం, వైద్యసిబ్బంది తగినంతమంది లేకపోవడం ఆయన చూపిన కారణాలలో ముఖ్యమైనవి. ఈ రెండు విషయాలను కలిపి చదువుకుంటే, సముద్రం వలన కలిగే మేలు నిజమైనదే కాని చిన్నదని, ఆ ఊరిలోని వసతుల లోపం దానిని మించిపోగలదని తెలుస్తుంది.

సముద్రపు గాలిలోని ఉప్పు వలన రక్తపుపోటు పెరుగుతుందని కొందరు భయపడతారు. ఆ భయం అక్కరలేదు. గాలి ద్వారా శరీరంలో చేరే ఉప్పు లెక్కలోనికి రానంత స్వల్పం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకు మించవద్దని చెప్పిన ఉప్పును మనం దాటుతున్నది ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపల వలన. కాప్రాలో ఉన్నా విశాఖలో ఉన్నా ఆ జాగ్రత్త ఒక్కటే.

ఎండ, ఉక్కపోత

వేసవిలో హైదరాబాదులో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. విశాఖలో అది సాధారణంగా కొన్ని డిగ్రీలు తక్కువగా ఉంటుంది. ఆ అంకెను చూచి విశాఖ చల్లన అనుకోవడం పొరపాటు. శరీరం తన వేడిని వదిలించుకునే ముఖ్యమార్గం చెమట ఆవిరి కావడం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది కాని ఆరదు, వేడి లోపలే నిలిచిపోతుంది. అమెరికా వాతావరణ సంస్థ వాడే ఉష్ణసూచిక ప్రకారం నీడలో 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్నప్పుడు శరీరానికి తోచే వేడి దాదాపు అంతే ఉంటుంది. 34 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే 45 డిగ్రీలకు మించిన వేడిగా తోస్తుంది.

ఆరోగ్యవంతుడైన యువకుడు దీనిని ఓర్చుకోగలడు. గుండె బలహీనపడి నీరు తీసే మాత్రలు వాడేవారు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు వాడేవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారు అంతగా ఓర్చుకోలేరు. చెమటతో నీరు, లవణాలు పోయి కళ్ళు తిరగడం, తూలిపడడం, తుంటి ఎముక విరగడం అనే వరుస వృద్ధులలో సామాన్యంగా కనిపించేదే. ఉబ్బసం ఉన్నవారికి మరొక చిక్కు ఉంది. తేమ ఎక్కువగా ఉన్న ఇళ్ళలో బూజు, పరుపులలో చేరే ధూళి పురుగులు బాగా వృద్ధి చెంది శ్వాసనాళాలను రెచ్చగొడతాయి. కీళ్ళ నొప్పులకు, చలికి ముడుచుకునే శరీరాలకు మాత్రం విశాఖ శీతకాలం హైదరాబాదుకన్న అనుకూలమని ఒప్పుకోవాలి.

గాలి నాణ్యత

కాప్రావాసులకు ఇక్కడి గాలిమీద ఉన్న అసంతృప్తి న్యాయమైనదే. జవహర్‌నగర్ చెత్తదిబ్బల వాసన, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల నుండి రాత్రివేళ వచ్చే రసాయనాల ఘాటు మనకు పరిచితాలే. అందుచేత సముద్రతీరానికి పోతే స్వచ్ఛమైన గాలి దొరుకుతుందని ఆశిస్తాము.

కాని విశాఖ పారిశ్రామిక నగరం, ఓడరేవు నగరం. ఒకవైపు కైలాసగిరి, మరొకవైపు యారాడ కొండల నడుమ పళ్ళెంవంటి ప్రదేశంలో ఓడరేవు, చమురుశుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం ఉన్నాయి. పాత పట్టణంలో బొగ్గు, ఖనిజధూళి గురించిన ఫిర్యాదులు పాతవే. కేంద్రప్రభుత్వపు జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం గాలిని మెరుగుపరచుకోవలసిన నగరాల జాబితాలో హైదరాబాదుతో పాటు విశాఖను కూడ చేర్చింది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన విషయం మనం మరచిపోలేదు. కాబట్టి నగరం పేరును బట్టి కాక పేటను బట్టి గాలిని అంచనా వేయాలి. ఎం.వి.పి. కాలనీ గాలి వేరు, గాజువాక గాలి వేరు. సైనిక్‌పురి గాలికి, మల్లాపూర్ గాలికి కూడ ఆ తేడా ఉన్నది కదా.

ఖర్చుల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్కకోసం అనుకున్నవి, మీరు మీ అంకెలను వేసుకోండి. కాప్రాలోని ఇంటిని నెలకు 18,000 రూపాయలకు అద్దెకిచ్చి, విశాఖలో 15,000 రూపాయలకు ఇల్లు తీసుకున్నారనుకుందాం. ఏడాదికి 36,000 రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు కూలరు సంగతి చూడండి. పొడిగాలి ఉన్న హైదరాబాదులో వేసవి రాత్రులు చాలామందికి ఎయిర్ కూలరుతోనే గడిచిపోతాయి. ఉక్కపోత ఉన్నచోట కూలరు పనిచేయదు, ఎందుకంటే అది కూడ చెమటలాగే నీటిని ఆవిరిచేసి చల్లబరిచే యంత్రం. అక్కడ ఏసీ తప్పదు. రోజుకు 10 యూనిట్ల చొప్పున అదనంగా 120 రోజులు నడిపితే 1,200 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 9,600 రూపాయలు. ఇక ఉప్పుగాలికి ఏసీ బయటి యంత్రం, కిటికీ ఊచలు, వాహనం త్వరగా తుప్పుపడతాయి. తీరానికి ఎంత దగ్గరైతే ఈ మరమ్మతులు అంత ఎక్కువ. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, పాత వైద్యుని చూడడానికి హైదరాబాదు ప్రయాణాలు వేరే ఉంటాయి. ఇవన్నీ పోగా మిగిలేది ఒక చిన్న ఆసుపత్రి చేరికకైనా సరిపోతుందా అని ఆలోచించండి.

వైద్యబీమాను విడిగా చూడాలి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఆరోగ్యశ్రీ వేరు, ఆంధ్రప్రదేశ్ పథకం వేరు. ఇక్కడి కార్డు అక్కడ దానంతట అది చెల్లదు. 2024 అక్టోబరు 29న ప్రారంభమైన ఆయుష్మాన్ వయవందన కార్డు 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు వర్తిస్తుంది. సి.జి.హెచ్.ఎస్. ఉన్నవారు రెండింటిలో ఒకదానిని ఎంచుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవారు తాము వెళ్ళబోయే పేటకు దగ్గరలో నగదు చెల్లించకుండా చేర్చుకునే ఆసుపత్రులు ఏవో వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చవక అని పాత పాలసీ వదలి కొత్తది తీసుకుంటే, అంతకుముందే ఉన్న జబ్బులకు మళ్ళీ మూడేళ్ళ వరకు ఆగవలసి రావచ్చును.

ఆసుపత్రి ఎన్ని నిమిషాల దూరం?

విశాఖలో వైద్యసౌకర్యాలకు కొరత లేదు. 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి, విమ్స్, ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీలోని ప్రైవేటు ఆసుపత్రులు, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే, చవకగా దొరికే సముద్రపు ఫ్లాట్లు చాలావరకు నగరానికి దూరంగా, భీమునిపట్నం దారిలోను, భోగాపురం వైపున ఉంటాయి.

పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే మందును 4.5 గంటలలోపు ఇవ్వాలి. ఆ సమయంలోనే మెదడు స్కాను తీయడం కూడ జరగాలి. గుండెపోటులో మూసుకున్న ధమనిని తెరవడానికి మొదటి రెండు గంటలు అమూల్యమైనవి. కాబట్టి ఇల్లు చూడబోయినప్పుడు సాయంకాలపు రద్దీలో, ఇరవైనాలుగు గంటలూ క్యాథ్ ల్యాబు, సి.టి. స్కాను పనిచేసే ఆసుపత్రికి స్వయంగా వాహనంలో వెళ్ళి గడియారం చూసుకోండి. అరగంట దాటితే ఆ ఇల్లు గుండెజబ్బు ఉన్నవారికి తగదని నా అభిప్రాయం. ఇదే పరీక్ష కాప్రాలోని మీ ఇంటికి కూడ పెట్టండి. హబ్సిగూడ, తార్నాక కూడళ్ళ రద్దీ మీకు తెలియనిది కాదు.

తుఫాను రోజులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలులు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచాయి. కరెంటు, ఫోన్లు, నీటి సరఫరా తిరిగి రావడానికి చాలా పేటలలో రోజులు పట్టింది. అటువంటి తుఫాను ప్రతి ఏడాది రాదు. అయినా ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడినవారికి, డయాలసిస్ చేయించుకునేవారికి ఆ నాలుగు రోజులే ప్రాణాంతకం కావచ్చును. ఇన్సులిన్ వాడేవారు నెల రోజుల మందు, కరెంటు లేనప్పుడు దానిని చల్లగా ఉంచడానికి తడిగుడ్డ చుట్టిన మట్టికుండ సిద్ధంగా ఉంచుకోవాలి. నాలుగవ అంతస్తుకు పైన ఇల్లు తీసుకునేవారు లిఫ్టు ఆగినప్పుడు ఎలా దిగుతారో ముందే ఆలోచించాలి.

పిలిస్తే వచ్చేవారు

అన్నిటికన్న ముఖ్యమైనది ఇది. ఒంటరితనం ఆరోగ్యానికి తీవ్రమైన ముప్పు అని అమెరికా సర్జన్ జనరల్ 2023లో ప్రత్యేకంగా హెచ్చరిక ప్రకటించారు. వైద్యునిగా నా అనుభవమూ అదే. ముప్పై ఏళ్ళుగా ఒక వీధిలో ఉన్నవారికి మందుల దుకాణదారు పేరు తెలుసు, ఎదురింటివారి దగ్గర తాళపుచెవి ఉంటుంది, ఉదయం నడకకు రాకపోతే మధ్యాహ్నానికి ఎవరో ఒకరు తలుపు తడతారు. కొత్త ఊరిలో దీనిని మళ్ళీ సంపాదించడానికి ఏళ్ళు పడుతుంది.

ఇంకొక మాట కొంచెం కటువుగా చెప్పవలసి ఉన్నది. ఇద్దరూ కలిసి వెళతారు. ఏదో ఒకనాడు ఒకరే మిగులుతారు. చాలా ఇళ్ళలో ఆ మిగిలేది భార్య. ఊరు మారే నిర్ణయం తీసుకునేటప్పుడు ఆమె అభిప్రాయాన్ని ముందు అడగండి. ఆమె అక్కచెల్లెళ్ళు, స్నేహితురాళ్ళు ఏ ఊరిలో ఉన్నారో, ఆ ఊరికే నా ఓటు.

ఎవరు వెళ్ళవచ్చును?

విశాఖలో తోబుట్టువులో పిల్లలో ఉన్నవారు, చక్కగా నడవగలిగేవారు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు బాగున్నవారు నిరభ్యంతరంగా వెళ్ళవచ్చును. ఉదయపు వేళ వాహనాలు ఆపిన బీచ్ రోడ్డులో రోజూ ముప్పావుగంట నడిచేవారికి ఆ ఊరు నిజంగా మేలు చేస్తుంది. పైన చెప్పిన జబ్బులున్నవారు, అక్కడ ఎవరూ లేనివారు తొందరపడకూడదు.

ఎవరు వెళ్ళినా కాప్రా ఇల్లు వెంటనే అమ్మవద్దు. ముందు అక్కడ అద్దె ఇంటిలో ఒక ఏడాది ఉండండి. ఆ ఏడాదిలో మే నెల, అక్టోబరు నెల తప్పక గడపండి. ఉక్కపోతను, తుఫానుకాలాన్ని శరీరం ఎలా ఓర్చుకుంటుందో తెలుస్తుంది. నెలనెలా రక్తపుపోటు, బరువు, ఖర్చు, ఎంతమందితో మాట్లాడారో ఒక పుస్తకంలో వ్రాసుకోండి. ఏడాది చివర ఆ పుస్తకమే మీకు సమాధానం చెబుతుంది.

సముద్రాన్ని చూడాలనే కోరిక మాత్రమే అయితే అందుకు ఊరు మారనక్కరలేదు. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ రైలు సికింద్రాబాదు నుండి ఎనిమిదిన్నర గంటలలో విశాఖ చేరుస్తుంది. డిసెంబరు, జనవరి నెలలలో ఇక్కడ చలి ఎక్కువైనప్పుడు అక్కడ నెల రోజులు గడిపి, సంక్రాంతి తర్వాత మీ వీధికి తిరిగి రండి.