జోస్యం వేరు, లెక్క వేరు

భూకంప శాస్త్రజ్ఞుల పరిశోధనలను గురించి మన పత్రికలలో వచ్చే వార్తలకు శీర్షికలు ఒకే బాణీలో ఉంటాయి. భూకంపాన్ని ముందే పసిగడతారట, ప్రకంపనలపై శాస్త్రవేత్తల జోస్యమట. తీరా లోపలి వార్త చదివితే ఆ శాస్త్రజ్ఞుడు అటువంటి మాట ఎక్కడా అని ఉండడు. ఇంత దూరంలో, ఇంత పరిమాణం గల భూకంపం సంభవిస్తే, ఈ ఊళ్ళో, ఈ నేల ఎంత బలంగా ఊగుతుంది అన్నది ఆయన పరిశోధన. రేపా, ఎల్లుండా అన్నది శీర్షిక పెట్టినవారి ఆరాటం. రెంటికీ ఇంగ్లీషులో ప్రిడిక్షన్ అనే మాట వాడతారు గనుక, మనవాళ్ళు రెంటినీ జోస్యం చేసి ఊరుకున్నారు.

ముప్పయ్యేళ్ళకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి నేను. భూమి లోపలి సంగతులు నా చదువు కాదు గాని, మాటలు నా చదువే. ఒక మాట చెడితే దానితో ఆలోచన ఎట్లా చెడుతుందో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు ఈ మధ్య దొరకలేదు.

జోస్యం కంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ములుగు జిల్లాలో భూమి కంపించింది. హైదరాబాదులోనూ విజయవాడలోనూ జనం ఆ కదలికను గుర్తించారు. ఆనాడు అన్ని చోట్లా విన్నది ఒకటే వాక్యం: రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3. చదువరులు ఈ వాక్యాన్ని ఒకసారి నిదానంగా పరిశీలించాలి. 5.3 అనేది భూగర్భంలో జరిగిన చీలిక ఎంతటిదో చెప్పే కొలత. ఒక భూకంపానికి అది ఒక్కటే ఉంటుంది. తీవ్రత అనేది ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది. ములుగులో ఒకటి, హైదరాబాదులో మరొకటి. గుడిలో గంట కొట్టిన దెబ్బ ఒకటే. గర్భగుడి ముందు నిలుచున్నవాడి చెవికీ, చెరువుగట్టున ఉన్నవాడి చెవికీ అది ఒకే విధంగా వినపడుతుందా? మొదటిదానికి పరిమాణం అనే మంచి మాట ఉండగా, రెండవదాని పేరు తీసి మొదటిదానికి తగిలించారు. ఇక రెండవదానికి పేరే లేకుండా పోయింది. పేరు లేని దానిని గురించి ఎవరు అడుగుతారు?

అడగవలసినది దానినే. 1985 సెప్టెంబరు 19న మెక్సికో పసిఫిక్ తీరాన 8.0 పరిమాణంతో భూకంపం వచ్చింది. రాజధాని మెక్సికో నగరం అక్కడికి మూడువందల యాభై కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం వెళ్ళేసరికి అలల బలం తగ్గిపోవాలి, తగ్గింది కూడా. అయినా ఆ నగరంలో వేలమంది చనిపోయారు. నగరంలో కొంత భాగం పూర్వం సరస్సు ఉన్నచోట, మెత్తని బంకమట్టి మీద కట్టినది. ఒకే నగరంలో, గట్టినేల మీద ఉన్న విశ్వవిద్యాలయ ప్రాంతం కంటె ఆ మట్టి మీద కంపన త్వరణం నాలుగైదు రెట్లు ఎక్కువగా నమోదైంది. పైగా ఆ మట్టి రెండు సెకండ్లకొకసారి ఊగే లయను అందుకున్నది. ఆ లయకు దగ్గరగా ఊగే కట్టడాలు, అంటే ఇంచుమించు ఏడు నుంచి పదిహేను అంతస్తులవి, ఎక్కువగా కూలాయి. వాటి పక్కనే ఉన్న పొట్టి ఇళ్ళు చాలావరకు నిలిచాయి.

మూలం, మార్గం, స్థలం: ఈ విద్య అంతా ఈ మూడు మాటలలో ఉన్నది. చీలిక ఎంతటిది, అలలు ఎటువంటి రాతిగుండా వచ్చాయి, చివరికి ఏ నేల మీదికి చేరాయి. మూడింటినీ కలిపి ఒక సమీకరణం రాస్తారు. ఇది చెప్పినంత సులువు కాదు. కాలిఫోర్నియాలో దశాబ్దాలుగా యంత్రాలు పెట్టి ప్రబల కంపనాలను నమోదు చేసుకున్నారు గనుక వారికి లెక్కకు ఆధారం ఉన్నది. మన దక్కను పీఠభూమి విషయంలో అటువంటి నమోదులు వేళ్ళమీద లెక్కించదగినవి. అక్కడి సూత్రాన్ని తెచ్చి ఇక్కడ అతికించడానికీ వీలులేదు. మనది పురాతనమైన గట్టి శిల. అందులో అలల బలం నెమ్మదిగా తగ్గుతుంది, అవి మరింత దూరం పోతాయి.

ఈ లోటును ఎదుర్కొన్నవారిలో ఆర్. ఎన్. అయ్యంగార్ గారిని, ఎస్. టి. జి. రఘుకాంత్ గారిని చెప్పుకోవాలి. 2004లో వారు దక్షిణాపథానికి ప్రత్యేకంగా ఒక సూత్రాన్ని ప్రకటించారు. నమోదులు లేవు గనుక, భూకంప మూలానికీ ఇక్కడి శిలా స్వభావానికీ సంబంధించిన భౌతిక నియమాలను ఆధారం చేసుకొని, కంప్యూటరులో కృత్రిమ కంపనాలను పుట్టించి, వాటినుండి సూత్రాన్ని రాబట్టారు. ఆపైన 1967 నాటి కొయనా భూకంపంలోనూ, 2001 నాటి భుజ్ భూకంపంలోనూ దొరికిన కొద్దిపాటి నమోదులతో దానిని సరిచూశారు. మన నేల గురించి మన లెక్క అది. ఏ శీర్షికలోనైనా దాని పేరు కనబడిందా?

అయ్యంగార్ గారు ప్రాచీన గ్రంథాలలోని భూకంప ప్రస్తావనలను పరిశీలించి వ్యాసాలు కూడా రాశారు. ఈ సందర్భంలో నా సాటి పండితులతో నాకొక తగవు ఉన్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంప లక్షణాలకు ఒక అధ్యాయం కేటాయించాడు. భూమి కంపించిందని వార్త రాగానే మనవాళ్ళు ఆ అధ్యాయాన్ని బయటికి తీసి, ముందుగా కనబడే శకునాలను ఏకరువు పెట్టి, చూశారా, మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు అంటారు. శకునాలు చదివినవారు ఆ అధ్యాయమంతా చదవాలి కదా! వాయు, అగ్ని, ఇంద్ర, వరుణ మండలాలని కంపాలను నాలుగుగా విభజించి, వాయవ్య కంపం 200 యోజనాలు, ఆగ్నేయం 110, ఐంద్రం 160, వారుణం 180 యోజనాలు కదిలిస్తుందని అదే అధ్యాయంలో అంటాడు. ఆ అంకెలు ఈనాడు నిలవవు. అయినా కంపం ఎంత దూరం పాకుతుంది, రకాన్ని బట్టి ఆ దూరం మారుతుందా అని ఆరవ శతాబ్దంలో ఒకడు అడిగాడు. పరిశోధకులు ఈనాటికీ తరచి చూస్తున్న ప్రశ్న అది. మనం దానిని వదిలి మబ్బుల రంగులు పట్టుకున్నాం.

ఎప్పుడు వస్తుందో తెలిస్తే ప్రాణాలు దక్కుతాయి కదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. 1975 ఫిబ్రవరిలో చైనావారు హైచెంగ్ ప్రాంత ప్రజలను ముందుగా హెచ్చరించి చాలామందిని కాపాడిన మాట నిజమే. అసలు కంపానికి ముందు వరుసగా వచ్చిన చిన్న కంపాలు వారికి సాయపడ్డాయి. మరుసటి సంవత్సరం జులై 28న టాంగ్షాన్‌లో ఏ హెచ్చరికా లేకుండా భూమి కంపించింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 2,42,000 మంది పోయారు. ఆపైన ఈ అర్ధశతాబ్దంలో రోజు చెప్పి, చోటు చెప్పి, నమ్మదగిన విధంగా మళ్ళీ మళ్ళీ రుజువు చేసినవారు ఎవరూ లేరు.

పోనీ, మీ సూత్రాలు మాత్రం కచ్చితమా అని ఎదురడుగుతారు. కావు. అసలు కంపనం లెక్కకు సగం కావచ్చు, రెట్టింపూ కావచ్చు. ఆ తేడా ఎంతవరకు ఉండవచ్చునో సూత్రంతోపాటే రాసి ఇస్తారు. తన మాట ఎంతమేరకు తప్పవచ్చునో ముందే లెక్కగట్టి చెప్పిన జోస్యుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

నా అనుమానం వేరే ఉన్నది. జోస్యం మన మీద ఏ బరువూ పెట్టదు. రేపు భూకంపమని ఫోనులో సందేశం వస్తే ఒక రాత్రి ఆరుబయట పడుకుంటాం, రాకపోతే నవ్వుకుంటాం. మీ నేల ఇంత బలంగా ఊగగలదు అని లెక్క చెబితే మాత్రం ఇనుము పెంచాలి, స్తంభాలు లావెక్కాలి, ఖర్చు పెరగాలి. అందుకే కాబోలు, లెక్కను కూడా జోస్యంలో కలిపేస్తే మనకు సుఖంగా ఉంటుంది.

లెక్కను పట్టించుకోకపోతే ఏమవుతుందో మన పక్కనే చూశాం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారిలో 6.2 పరిమాణం గల భూకంపానికి సుమారు పదివేలమంది బలి అయ్యారు. ఆనాటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటె క్షేమమైన మండలం. మట్టితో పేర్చిన మోపెడు రాతిగోడలు నిద్రలో ఉన్నవారి మీద పడ్డాయి. 2001 జనవరి 26న భుజ్ దగ్గర కంపం పుడితే రెండువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమదాబాదులో బహుళ అంతస్తుల భవనాలు కూలి వందలమంది మరణించారు. ఆ నగరంలో పాస్‌పోర్టు కార్యాలయ భవనంలో ఉన్న యంత్రం నమోదు చేసిన గరిష్ఠ త్వరణం గురుత్వ త్వరణంలో పదోవంతుకు కాస్త ఎక్కువ, అంతే. కూలినవాటిలో చాలా భవనాలకు కింది అంతస్తు బండ్లు నిలుపుకోవడానికి ఖాళీగా వదిలారు. గోడలు లేని ఆ సన్నని స్తంభాలే ముందుగా విరిగాయి.

అహమదాబాదు సాబర్మతి ఒండ్రు మీద ఉన్నది. విజయవాడలో ఇంద్రకీలాద్రి రాయీ ఉన్నది, దాని పక్కనే కృష్ణ ఒండ్రూ ఉన్నది. 1967లో ఒంగోలు, 1969 ఏప్రిల్ 13న 5.7 పరిమాణంతో భద్రాచలం కంపించాయి. కింద బండ్లూ పైన అయిదంతస్తులూ ఉన్న కట్టడాలు ఇప్పుడు మన ప్రతి పట్టణంలోనూ లేస్తున్నాయి. మా వీధిలోనే మూడు ఉన్నాయి. ఈ నెలలో ఒక దానికి గృహప్రవేశం. పంచాంగం చూసి ముహూర్తం నిర్ణయించారు, వాస్తు చూసి ద్వారం జరిపారు. కింది మట్టిని ఎవరు పరీక్షించారు, స్తంభాలను ఎంత ఊపుకు తట్టుకునేటట్టు కట్టారు అని అడిగితే గృహస్థు నన్ను ఎగాదిగా చూసి, మేస్త్రీని అడగమన్నాడు. మేస్త్రీ పైవాళ్ళను అడగమన్నాడు. పైవాళ్ళెవరో ఇంకా కనుక్కుంటున్నాను.