దిగంశల సగటు ఫలిత బలపు దిశ కాదు

సంపాదకులకు,

మలుపులోని విద్యుత్ స్తంభాన్ని తీగలు లాగే తీరును వివరించిన ఇటీవలి లేఖలో, దిగంశల సగటే ఫలిత బలపు దిశ అని పేర్కొనడం సరికాదు. దిగంశ అంటే ఉత్తరం నుంచి సవ్యదిశలో కొలిచే కోణం. ఆస్పరిలోని ఒక స్తంభం నుంచి ఆదోని వైపు 330 డిగ్రీలలో, ఎమ్మిగనూరు వైపు 30 డిగ్రీలలో చెరి 4 కిలోన్యూటన్ల తన్యత ఉందనుకుంటే, సగటు 180, అంటే దక్షిణం, అవుతుంది. ఉత్తరానికి లాగే రెండు తీగలు స్తంభాన్ని దక్షిణానికి ఎలా వంచగలవు?

ప్రతి బలాన్నీ దాని దిగంశ కొసైనుతో గుణిస్తే ఉత్తరపు అంశం, సైనుతో గుణిస్తే తూర్పు అంశం వస్తాయి. రుణ గుర్తు వస్తే అది ఎదురు దిక్కుకు చెందినది. పై తీగల తూర్పు అంశాలు, 2, −2, ఒకదానినొకటి రద్దు చేసుకోగా ఉత్తరపు అంశాలు కలిసి 6.93 అవుతాయి. తూర్పుకు 3 కిలోన్యూటన్లతో మూడో తీగ చేరితే, రెండు మొత్తాల వర్గాలను కూడి వర్గమూలం తీయగా ఫలిత బలం సుమారు 7.55 కిలోన్యూటన్లుగా, దిగంశ సుమారు 23 డిగ్రీలుగా తేలుతుంది. కాబట్టి స్తంభం వంగకుండా పట్టి ఉంచే స్టే వైరును దీనికి ఎదురుగా, 203 డిగ్రీల వైపు, నేలలో బిగించాలి. తీగల ఎత్తులోనే కట్టిన ఆ వైరు 45 డిగ్రీల వాలులో ఉంటే దాని తన్యత సుమారు 10.7 కిలోన్యూటన్లకు చేరుతుంది గనుక సన్నని వైరు చాలదనే హెచ్చరిక కూడా ఆ లేఖలో ఉండవలసింది.

ఒక పాఠకుడు, ఆస్పరి