సగం సిపాయి, పూర్తి పౌరుడు

సైనికుడు రాజకీయాలకు దూరంగా ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. ఇరుగుపొరుగు దేశాలలో సేనానులు గద్దెనెక్కిన చరిత్ర చూచిన తరువాత, మన సైన్యం తన పని తాను చూసుకుంటున్నందుకు సంతోషించని వారెవరు? అయితే ఏడాదిలో పది నెలలు గుమాస్తాగానో, వ్యాపారిగానో, ఇంజనీరుగానో బ్రతుకుతూ, మిగిలిన రెండు నెలలు మాత్రం తుపాకి పట్టే మనిషి సంగతేమిటి? అతడు ఎప్పుడు మాట్లాడవచ్చు, ఎప్పుడు మౌనంగా ఉండాలి, ఆ వేళను నిర్ణయించేది ఎవరు? ఈ టపాలో నేను పట్టించుకోదలచినది ఆ చివరి ప్రశ్ననే.

మన దేశంలో ఇటువంటి వారి దళం పేరు టెరిటోరియల్ ఆర్మీ. తెలుగు పత్రికలు ప్రాదేశిక సైన్యమని వ్రాస్తుంటాయి. 1948లో చట్టం చేశారు. 1949 అక్టోబరు 9న నాటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దీనిని ప్రారంభించారు. చేరదలచిన వారికి బయట ఒక జీవనోపాధి ఉండితీరాలి, అదే దీని ప్రత్యేకత. ధోనీకి 2011లో లభించిన గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇందులోనిదే కనుక పేరు చాలామంది వినే ఉంటారు. 2025 మే 6న కేంద్ర ప్రభుత్వం ఈ సైన్యంలోని అధికారులను, సిపాయిలను అవసరాన్ని బట్టి పిలిపించుకొనే అధికారాన్ని సైన్యాధిపతికి ఇస్తూ ఉత్తర్వు వెలువరించింది. 32 పదాతి దళాలలో 14 దళాలను విధులలోకి తీసుకోవడానికి అనుమతించింది. ఆ విధంగా ఈ పేరు మళ్ళీ వార్తలకెక్కింది.

ముందు నియమాలు చూద్దాం. సాయుధ దళాలవారి ప్రాథమిక హక్కులను ఎంతవరకు కుదించవచ్చునో నిర్ణయించే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. దానికి అనుగుణంగా 1950 సైనిక చట్టంలోని 21వ సెక్షను, 1954 సైనిక నియమావళి మూడు తలుపులు మూశాయి. ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మిక సంఘంలో చేరరాదు. రాజకీయ సభకు వెళ్ళరాదు, పార్టీకి చందా ఇవ్వరాదు, ఎన్నికలలో నిలబడరాదు, నిలబడినవారి తరఫున తిరగరాదు. రాజకీయ విషయాల మీద అనుమతి లేకుండా పత్రికలకు వ్రాయరాదు. పూర్తికాలపు సైనికునికి ఇవి ఏడాది పొడవునా వర్తిస్తాయి. ప్రాదేశిక సైనికుని విషయంలో మాత్రం చట్టం ఒక గీత గీసింది. అధికారి అయితే విధి నిర్వహణలో ఉన్నప్పుడు, సిపాయి అయితే పిలుపునందుకొని దళంలో ఉన్నంతకాలం మాత్రమే సైనిక చట్టానికి లోబడతాడు. ఆ గడువు ముగిసి యూనిఫాం విప్పితే మళ్ళీ మనవంటి పౌరుడే. చదివినంతలో ఇది న్యాయమైన గీతే అనిపిస్తుంది.

ఎంత ఉదారమైనదో కూడా చెప్పాలి. చట్టసభ సభ్యత్వానికి అడ్డువచ్చే లాభదాయక పదవుల లెక్కలోనుండి ఈ సైన్యంలోని కొలువును 1959 నాటి అనర్హతల నివారణ చట్టం మినహాయించింది. ఎన్.సి.సి.కీ, హోంగార్డులకూ కూడా అదే మినహాయింపు. అందుకే సచిన్ పైలట్ 2012లో కేంద్రమంత్రిగా ఉంటూనే ఇందులో లెఫ్టినెంట్ కాగలిగారు. 2016లో పార్లమెంటు సభ్యుడిగా ఉన్న అనురాగ్ ఠాకూర్ కూడా అయ్యారు. ఒకరిది కాంగ్రెసు, మరొకరిది భాజపా. ఈ నెల ఎన్నికల వేదిక, వచ్చే నెల కవాతు మైదానం. ఎవరూ తప్పు పట్టలేదు, నేనూ పట్టను. వేళకు తగిన వేషం వేసి, వేళ దాటగానే విప్పగలిగితే చాలు. నా సందేహమల్లా ఒక్కటే. మంత్రిగారి విషయంలో ఇంత చక్కగా పనిచేసిన ఈ గీత, లోకోషెడ్డులోని ఫైర్‌మన్ దగ్గరకు వచ్చేసరికి అంతే నిలకడగా ఉంటుందా?

బెజవాడ వారికి రైలు సంగతులు వేరే చెప్పనక్కరలేదు. మదరాసు, కలకత్తా, హైదరాబాదు దారులు కలిసే జంక్షను. గుడివాడ, మచిలీపట్నం, భీమవరాల వైపు డెల్టాలోకి పోయే లైన్లకు ముఖద్వారం. సత్యనారాయణపురం రైల్వే కాలనీ పేరు తెలియనివారు మా ఊళ్ళో ఉండరు. ఇటువంటి ఊరికి 1974 మే నెల చిన్న సంగతి కాదు. బోనసు కోసం, పని గంటల తగ్గింపు కోసం, జీతాల సవరణ కోసం దేశమంతటా రైల్వే కార్మికులు మే 8న సమ్మెకు దిగారు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2నే అరెస్టు చేశారు. మే 27న సమ్మె విరమించారు. ఆ రోజులలో రైళ్ళు నడపడానికి ప్రభుత్వం రంగంలోకి దింపిన వారిలో ప్రాదేశిక సైన్యపు రైల్వే దళాలు కూడా ఉన్నాయి. ఆ దళాలలో ఉన్నదెవరు? రైల్వే ఉద్యోగులే.

ఒక ఫైర్‌మన్‌ను ఊహించుకోండి. ప్రాదేశిక దళంలో పేరుంది, కార్మిక సంఘంలో సభ్యత్వమూ ఉంది. నిన్నటివరకు రెండూ చట్టబద్ధమే. పిలుపు కాగితం అందగానే అతడు సైనిక చట్టం కిందికి వస్తాడు. సంఘం మీటింగుకు పోవడం నిషిద్ధం; పనికి రాననడం ఇక సమ్మె కాదు, సైనిక నేరం. పక్క క్వార్టరు మనిషి ఉద్యోగం పోతుందేమోనని, జైలు తప్పదేమోనని భయపడుతుంటే, ఇతనికి కోర్టు మార్షల్ భయం అదనం. గీత గీసింది పార్లమెంటే. కాని అతడు ఆ గీతకు ఏ పక్కన ఉన్నాడో ఒక్క సంతకంతో మార్చగలిగినది ప్రభుత్వం. ఆ ప్రభుత్వమే అతని యజమాని. జీతం కోసం ఎవరితో తగాదా పడుతున్నాడో వారే అతని నోటి తాళంచెవి దగ్గర పెట్టుకున్నారన్నమాట.

ఇష్టపడి చేరాడు కదా, అనుభవించనీ అంటారా? 1956లో చేర్చిన సవరణ ప్రకారం 20 నుండి 40 ఏళ్ళ లోపు ప్రభుత్వోద్యోగులను, ప్రజోపయోగ సేవలలోని ఉద్యోగులను ఈ సైన్యంలో తప్పనిసరిగా సేవ చేయమనే వీలు కూడా ఉంది. ఇష్టం అన్న మాట అక్కడితో సరి.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1920లో తెల్లదొరలు రెండు చట్టాలు చేశారు. భారతీయులకు టెరిటోరియల్ ఫోర్స్, యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ ఆగ్జిలరీ ఫోర్స్. బెజవాడ మీదుగా రైళ్ళు నడిపిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకు ఈ రెండవదానిలో సొంతంగా ఒక రైఫిల్స్ పటాలం ఉండేది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలోనే సమావేశమై కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించిన సంగతి మనకు తెలిసినదే. ఆ సభకు జనాన్ని చేర్చిన రైళ్ళదీ, ఆ జనాన్ని అదుపు చేయవలసివస్తే కదలగలిగిన పటాలానిదీ ఒకే కంపెనీ. ఉద్యోగికి తుపాకి ఇచ్చి సిపాయిని చేస్తే సర్కారుకు ఎంత వెసులుబాటో వారికి బాగా తెలుసు. స్వతంత్రం వచ్చిన తరువాత మనమూ ఆ వెసులుబాటును వదులుకోలేదు.

దీనికి బలమైన సమాధానం ఒకటుంది. రైళ్ళు ఆగితే బొగ్గు ఆగుతుంది, డెల్టా బియ్యం గోదాములలోనే ఉండిపోతుంది, ఆసుపత్రికి పోవలసిన రోగి ప్లాట్‌ఫారం మీద కూర్చుంటాడు. ప్రభుత్వం చేతులు కట్టుకొని చూడాలా? అక్కరలేదు. అత్యవసర సేవల కోసం 1968లోనూ 1981లోనూ ఎస్మా చట్టాలు చేసుకున్నాము. వాటి మంచిచెడ్డలు వేరే చర్చ. కాని వాటి కింద నిందితుడైన ఉద్యోగి పౌరుడుగానే, మామూలు న్యాయస్థానం ముందే నిలబడతాడు. తేడా అక్కడ ఉంది.

రైల్వే దళాల కథ దాదాపు ముగిసింది కదా అని కూడా అనవచ్చు. నిజమే, ఆరు రెజిమెంట్లలో సికింద్రాబాదుతో సహా ఐదింటిని రద్దు చేయాలని రైల్వే శాఖ ఇటీవలి సంవత్సరాలలో నిర్ణయించింది. అయితే రద్దు చేసినది అక్కరలేదని, తప్పని కాదు. చమురు సంస్థల సిబ్బందితో ఏర్పడిన దళాలు ఉండనే ఉన్నాయి.

కనుక నేను కోరేవి మూడు. మొదటిది, యూనిఫామునూ హోదానూ రాజకీయాలకు వాడుకోరాదన్న నియమం మంత్రికీ గ్యాంగ్‌మన్‌కూ ఒకే విధంగా అమలు కావాలి. ఫేస్‌బుక్కులో పెట్టే ఫోటోతో సహా. రెండవది, విధిలో లేని రోజులలో అతనికి సంఘం, సభ, ఓటు ప్రచారం, వ్రాత అన్నీ ఉన్నాయని చేరిన రోజే అతని భాషలో వ్రాసి చేతికివ్వాలి. హక్కు ఉన్నదని తెలియనివాడు లేదనుకొనే బ్రతుకుతాడు. మూడవది, ఒక శాఖలో యాజమాన్యానికీ ఉద్యోగులకూ తగాదా నడుస్తున్నప్పుడు, ఆ తగాదా కోసం ఆ శాఖ ఉద్యోగులనే సైనికులుగా పిలిపించరాదని చట్టంలోనే వ్రాయాలి. శత్రువు సరిహద్దు దాటితే పిలవండి, వరద ముంచుకొస్తే పిలవండి, ఎవరూ కాదనరు. బోనసు అడిగినందుకు పిలవకండి.

మనలో రైల్వే క్వార్టర్లలో పెరిగినవారు తక్కువేమీ లేరు. 1974 నాటి సంగతులు మీ ఇంటి పెద్దలకు జ్ఞాపకముంటే, పిలుపు కాగితం అందుకున్నవారెవరైనా వారికి తెలిసి ఉంటే, అడిగి వ్రాయండి. యాభై ఏళ్ళు దాటాయి; చెప్పగలిగినవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. నాతో ఏకీభవించని వారూ వ్రాయండి. ముఖ్యంగా ఆ మూడవ కోరికలో లోపముందనుకుంటే ఎక్కడో చూపండి.