గీత గీసే చేయి ఎవరిది?

ప్రాతినిధ్యం గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ నా విద్యార్థుల్లో ఎవరో ఒకరు అడుగుతారు: ‘ఓటు అందరికీ సమానమే కదా, మళ్లీ ప్రత్యేక ఏర్పాట్లు ఎందుకు?’ నేను వారికి లూసియానాను చూపిస్తాను.

అమెరికా దక్షిణాదిన ఉన్న ఆ రాష్ట్ర జనాభాలో నల్లజాతీయులు దాదాపు మూడో వంతు. అక్కడ అమెరికా కాంగ్రెస్ సభ్యులనూ, రాష్ట్ర శాసనసభ్యులనూ మాత్రమే కాదు, రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులనూ ప్రజలే ఎన్నుకుంటారు. ఒకప్పుడు ఏడుగురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒకే నియోజకవర్గం నుంచి ఎన్నికయ్యేవారు. నల్లజాతి ఓటర్లు అధికంగా ఉన్న న్యూ ఆర్లీన్స్‌ను, తెల్లవారు అధికంగా ఉన్న మూడు పొరుగు ప్రాంతాలతో అందులో కలిపారు. ఓటు ఎవరూ లాక్కోలేదు. పాలలో నీళ్లు కలిపినట్టు పలచన చేశారు.

దీనిపై 1986లో నల్లజాతి ఓటర్లు దావా వేశారు. న్యాయమూర్తి చట్టానికే బద్ధుడు, ఎవరికీ ప్రతినిధి కాడు, కాబట్టి 1965 నాటి ఓటు హక్కు చట్టంలోని రెండో సెక్షన్ ఈ ఎన్నికలకు వర్తించదన్నది ఎదుటి వాదన. 1991లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో దాన్ని తోసిపుచ్చింది. ఆ పోరాట ఫలితంగా ఏర్పడిన స్థానం నుంచి 1994లో ఎన్నికైన బెర్నెట్ జాన్సన్, 2013లో ఆ కోర్టుకు తొలి నల్లజాతి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అంతకు ముందు ఏడాది ఆమె సీనియారిటీనే ప్రశ్నించారు. ప్రత్యేక ఏర్పాటు కింద చేసిన సర్వీసు లెక్కకు రాదన్నారు. ఈ మాట మనం ఎక్కడా వినలేదా?

పోరాటం అక్కడితో ఆగలేదు. రాష్ట్ర శాసనసభ నియోజకవర్గాల పటం ఓటు హక్కు చట్టానికి విరుద్ధమని 2024 ఫిబ్రవరిలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు చెప్పారు. అదే ఏడాది కాంగ్రెస్‌కు ఉన్న ఆరు స్థానాల్లో నల్లజాతి ఓటర్లు అధికంగా ఉండే రెండో స్థానాన్ని గీశారు. నవంబరులో క్లియో ఫీల్డ్స్ అక్కడ గెలిచారు. ఆ పటం జాతి ప్రాతిపదికన గీసినదంటూ సవాలు చేయగా, వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. మన రిజర్వుడు నియోజకవర్గంలో అభ్యర్థి దళితుడై ఉండాలి, కానీ అతణ్ణి గెలిపించేది సాధారణ ఓటర్లు. లూసియానాలో అభ్యర్థి ఎవరైనా కావచ్చు. ఎన్నుకునే సమూహానికి తన ఇష్టాన్ని నెగ్గించుకునే బలం ఉందా అన్నదే ప్రశ్న. 1932లో పూనా ఒప్పందానికి ముందు అంబేద్కర్ పట్టుబట్టింది ఈ రెండో ప్రశ్న మీదే. ప్రతినిధి ఎవరికి జవాబుదారీ అన్నది అతని పుట్టుకను బట్టి కాక, అతణ్ణి గెలిపించిన చేతులను బట్టి తేలుతుంది.

న్యాయమూర్తులను ఎన్నుకోవాలని నేను అనడం లేదు. డబ్బు, ప్రచారం న్యాయపీఠాన్ని ఏం చేయగలవో అమెరికాయే చూపుతోంది. అయితే మన ఉన్నత న్యాయస్థానాల నియామకాల్లో ఎన్నికా లేదు, రిజర్వేషనూ లేదు. తొలి దళిత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ 2007లో వచ్చారు. రెండో వ్యక్తి బి.ఆర్. గవాయ్ కోసం 2025 దాకా ఆగాల్సి వచ్చింది. న్యాయానికి కులం లేదనేవారు ఈ పద్దెనిమిదేళ్ల విరామానికి జవాబు చెప్పాలి. లూసియానాలో గీత కాగితం మీద కనబడుతుంది కనుక కోర్టుకెక్కవచ్చు. మన దగ్గర ఆ గీత కనబడదు. అందుకే దాన్ని ప్రశ్నించడం ఇంకా కష్టం, ఇంకా అవసరం.