ఇంటికి రెండు తీగలు, ఒకే కాపలా

ఖరగ్‌పూర్ జంక్షను వద్ద నాలుగు దారులు కలుస్తాయి. తూర్పున హౌరా, పడమట టాటానగర్, ఉత్తరాన మేదినీపూర్ మీదుగా ఆద్రా, దక్షిణాన బాలాసోర్ మీదుగా వాల్తేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఈ చివరి దారివెంట వచ్చి, అక్కడి కర్మాగారంలోను, యార్డులోను పనికి కుదిరి, తరతరాలుగా స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించ నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ పేరే ముందు వినవచ్చింది.

అక్కడి రైల్వే కాలనీలో ఒక తెలుగు ఇంటిని ఊహించుకొనవచ్చును. ఉద్యోగ విరమణ చేసిన తాతగారు సాయంత్రం ఊరిలోని చెల్లెలితో వీడియోలో మాట్లాడుతారు. కుమారుడు ఇంటినుండియే కంపెనీ పని చేస్తాడు. మనుమరాలు కంప్యూటరు ముందు కూర్చుండి గడువు పెట్టిన పరీక్ష వ్రాస్తున్నది. పరీక్ష నడుమ ఇంటర్నెట్ తెగితే గడియారం ఆగదు. ఆ భయంతోనే రెండవ కనెక్షను తీసికొంటారు. ఒకటి 100 మెగాబిట్లది, మరొకటి 50 మెగాబిట్లది. రెంటినీ ఒక ఫైర్‌వాల్ రౌటరుకు తగిలిస్తే 150 వస్తుందని ఇంటివారి లెక్క. తీరా ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేసి చూస్తే వేగం 100 దాటదు. ఒక్కొక్కసారి 50 వద్దనే నిలిచిపోతుంది. అమ్మినవాడు మోసగించాడన్న అనుమానం కలుగుతుంది. మోసమేమీ లేదు.

దీనికి కారణం రైల్వే ఇంటివారికి చెప్పినంత సులభంగా మరెవ్వరికీ చెప్పలేము. ఖరగ్‌పూర్ స్టేషనులో 2017లో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థను నెలకొల్పారు. సుమారు 800 మార్గాలను అది ఏర్పరచగలదు. అయితే ఒక బండికి దారి ఏర్పరచి సిగ్నల్ ఇచ్చిన పిమ్మట, ఆ బండి దాటిపోయేవరకు దాని కింది పాయింట్లకు తాళం పడుతుంది. సగం పెట్టెలను ఒక లైను మీదికి, సగం పెట్టెలను వేరొక లైను మీదికి పంపుట కుదరదు. రౌటరు చేసేదీ ఇదే. ఇంటిలోని ఫోను గాని, కంప్యూటరు గాని బయటి సర్వరుతో ఒక సంబంధాన్ని ప్రారంభించినప్పుడు, దానిని ఏ తీగ మీద పంపవలెనో రౌటరు నిర్ణయించి తన పట్టికలో వ్రాసుకొంటుంది. ఆ సంబంధం ముగిసేవరకు ప్యాకెట్లన్నీ ఆ తీగ మీదనే పోవలెను. ఎందుకనగా, ఇంటిలోపల 192.168 తో మొదలయ్యే సొంత చిరునామాలు ఎన్ని ఉన్నప్పటికీ, బయటకు వెళ్లేటప్పుడు రౌటరు వాటిని ఆ తీగ తాలూకు చిరునామాగా మార్చి పంపుతుంది. నడుమ తీగ మారితే చిరునామా మారుతుంది. అవతలి సర్వరు ఆ కొత్త మనిషిని గుర్తించదు.

కనుక పంపకం జరిగేది సంబంధాల లెక్కన. 100కు, 50కి రెండు పాళ్లు, ఒక పాలు అని బరువు నిర్ణయిస్తే, ప్రతి మూడు సంబంధాలలో రెండు పెద్ద తీగకు పోతాయి. ఇంటిల్లిపాదీ ఒక్కసారి పనిలో ఉన్నప్పుడు ఈ ఏర్పాటు ప్రయోజనం చక్కగా తెలుస్తుంది. వేగాన్ని కొలిచే సైట్లు అనేక సంబంధాలను ఒకేసారి తెరుస్తాయి గనుక అక్కడ 150కి చేరువైన అంకె కనిపించవచ్చును. దుకాణదారులు చూపేది సాధారణంగా ఆ అంకెనే.

బ్యాంకుల విషయం వేరు. బ్యాంకు పేజీ ఒకటే అయినా దాని వెనుక సంబంధాలు పలు. వాటిలో కొన్ని ఒక తీగ మీద, కొన్ని మరొక తీగ మీద వెళ్లినట్లయితే, ఒకే ఖాతాదారు రెండు చిరునామాల నుండి వస్తున్నట్లు తోచి బ్యాంకు సర్వరు తలుపు మూయవచ్చును. అందుచేత బ్యాంకు పనిని, పరీక్ష వ్రాసే కంప్యూటరును ఒకే తీగకు కట్టివేసి, అది తెగినప్పుడు మాత్రమే రెండవదానికి మారునట్లు నియమం వ్రాయవలెను.

తెగినదని రౌటరుకు తెలియుట ఎట్లు? మోడెమ్ మీద పచ్చదీపం వెలుగుతున్నదనుటకు అర్థం రౌటరుకు, మోడెమ్‌కు నడుమ నున్న జానెడు తీగ బాగున్నదని మాత్రమే. వీధి చివర ఫైబరు తెగినా ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది. 8.8.8.8, 1.1.1.1 వంటి దూరపు చిరునామాలను ఒక్కొక్క తీగ మీదుగా విడివిడిగా పలుకరించుచుండమని రౌటరుకు చెప్పవలెను. ఒక్క పలుకరింపుకు జవాబు రాలేదని తీగను వదలివేయరాదు; అట్లయితే రౌటరు రోజంతా అటూ ఇటూ గెంతుతుంది. మారినప్పుడు సయితం నడుస్తున్న వీడియో సంభాషణ ఒకసారి తెగి మరల కలుస్తుంది. అదికూడ తెగకూడదన్నచో బయట అద్దె సర్వరు పెట్టుకొని, రెండు తీగలను అక్కడ కలుపవలసి ఉంటుంది, నెలనెలా ఖర్చు.

రెండవ తీగను ఎంచుకొనుటలో జరిగే పొరపాటు మిక్కిలి ఖరీదైనది. కంపెనీలు రెండైనా ఫైబర్లు రెండూ ఒకే స్తంభానికి వ్రేలాడుతుంటాయి. 2020 మే 20న ఆంఫన్ తుపాను దక్షిణ బెంగాల్‌ను తాకినప్పుడు చెట్లు, స్తంభాలు కూలి విద్యుత్తు, టెలిఫోను, ఇంటర్నెట్ ఒక్కసారిగా పోయాయి. కొమ్మ విరిగి పడేటప్పుడు కంపెనీ పేరు చూడదు. ఒకటి ఫైబరు, రెండవది మొబైల్ సిమ్ అయితే, వేగం తక్కువైనా భయం తగ్గుతుంది. మోడెమ్‌కు, రౌటరుకు చిన్న యు.పి.ఎస్. లేనిచో ఎన్ని తీగలున్నా కరెంటుతో పాటే పోతాయి.

పాత కంప్యూటరుకు అదనపు నెట్‌వర్క్ కార్డు తగిలించి, పి.ఎఫ్.సెన్స్ గాని, 2015లో దానినుండి చీలి వచ్చిన ఓ.పి.ఎన్.సెన్స్ గాని ఎక్కించి ఈ పనంతా చేయించవచ్చును. సాఫ్ట్‌వేరు ఉచితమే, పాత కంప్యూటరు రాత్రింబవళ్లు తినే కరెంటు మాత్రం ఉచితం కాదు. రెండు తీగలంటే వీధిలోకి రెండు తలుపులని మరువరాదు. మొదటి తీగకు వ్రాసిన కాపలా నియమాలన్నీ రెండవదానికి కూడ వ్రాయవలెను. కంపెనీ ఇచ్చిన మోడెమ్‌లోని వై-ఫైని ఆపివేయవలెను. లేనిచో ఫోన్లు దానికే అంటుకొని, కాపలావానిని దాటి పెరటిదారిన పోతాయి.

ఇక పరీక్షలు లేని ఒక ఆదివారం నాడు, ఇంటిలో వారందరికీ చెప్పి, మొదటి తీగను రౌటరువైపు గాక వీధివైపు నుండి ఊడదీయవలెను. రెండవ తీగ అందుకొనుటకు ఎన్ని సెకన్లు పట్టినదో గోడ గడియారం చూచి లెక్కించి, ఆ అంకెను కాగితం మీద వ్రాసి రౌటరు ప్రక్కన అంటించుకొంటే, మనుమరాలు పరీక్షకు కూర్చునే ముందు దానిని ఒకసారి చూచుకొంటుంది.