గడ్డివామి కాలితే పూచీ ఎవరిది?

విజయవాడ: వరికోతలు, నూర్పిళ్లు ముగిసి కృష్ణా డెల్టా గ్రామాల్లో గడ్డివాములు వెలిసే రోజుల్లో నిప్పు భయం ఉండనే ఉంటుంది. బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లవాడు గీసిన అగ్గిపుల్ల వల్ల వామి అంటుకుంటే తగవు మరీ చిక్కుపడుతుంది. ఏడాది పశుగ్రాసం బుగ్గిపాలైన కౌలురైతు ఒక పక్క, కూలి చేసుకు బతికే తల్లిదండ్రులు మరొక పక్క రచ్చబండ వద్ద నిలబడతారు. కన్నందుకు కట్టాల్సిందేనన్న మాట అక్కడ తేలిగ్గా వచ్చేస్తుంది. చట్టం మాత్రం అలా అనడం లేదు.

కన్నంత మాత్రాన కాదు

పిల్లల వల్ల జరిగిన ఇటువంటి నష్టాలను మన కోర్టులు బ్రిటిష్ న్యాయసూత్రాలను అనుసరించి విచారిస్తున్నాయి. వాటి ప్రకారం తల్లి లేదా తండ్రి అయినంత మాత్రాన పరిహారం బాధ్యత రాదు. వారి సొంత అజాగ్రత్త రుజువు కావాలి. ఫ్రాన్సులో తల్లిదండ్రులపై ఇంతకంటే కఠినమైన బాధ్యత ఉంది. ఇక 7 ఏళ్లలోపు పిల్లలు చేసినది నేరం కాదు. మతిస్థిమితం లేక, చేస్తున్నదేమిటో తెలియక చేసినదీ నేరం కాదు. ఇండియన్ పీనల్ కోడ్‌లోని ఈ సూత్రాలే 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉన్నాయి.

జాగ్రత్త ఎంత?

అయితే తల్లిదండ్రులకు పూచీ పూర్తిగా తప్పిందనుకోరాదు. బిడ్డకు నిప్పుతో ఆడే అలవాటున్నదని తెలిసీ అగ్గిపెట్టెను పొయ్యిగట్టున వదిలేస్తే అది అజాగ్రత్తే. అలవాటు తెలిసినకొద్దీ జాగ్రత్త పెరగాలి. అగ్గిపెట్టె అందని చోట దాచి, కూలికి వెళుతూ బిడ్డను నాయనమ్మకు అప్పగించిన తల్లిపై మాత్రం ఆ నింద నిలవడం కష్టం. జాగ్రత్త పేరుతో బిడ్డ కాలికి తాడు కట్టి గుంజకు బిగించడం తగదు. అది క్రూరత్వమే అవుతుంది.

తగవు తీరే దారి

ఇరుపక్షాలూ ఇష్టపడి రాజీపడితే మంచిదే. బలవంతంగా వేసిన రచ్చబండ జరిమానాకు చట్టబలం లేదు. వికలాంగుడైన బిడ్డను కించపరచాలని నలుగురిలో అవమానించినా, బెదిరించినా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షను కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఇందుకు మచిలీపట్నంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా రైతు కూడా తన నష్టం చెప్పుకోవచ్చు.

రైతు నష్టం నిజమైనదే. ఆ పశువులకు నాలుగు మోపుల గడ్డి ఊరు సమకూర్చడం కొత్తేమీ కాదు. వాములను ఇళ్లకు దూరంగా వేసుకోవడం అందరికీ మేలు. పెద్దలు నష్టం లెక్క కట్టేముందు, ఆ పూట బిడ్డను ఎవరు కనిపెట్టుకున్నారో, అగ్గిపెట్టె ఎక్కడ ఉన్నదో విచారించడం న్యాయం.