ఎండకు నిలబడే గ్రాఫిక్స్ కావాలి



కొత్త ఫోన్ చిప్ వస్తోందంటే చాలు, మన నౌజవాన్లలో ఒకటే బహస్. ఈసారి గ్రాఫిక్స్ ఎవరిది? క్వాల్‌కామ్ వాళ్ల అడ్రినోనా, ఆర్మ్ వాళ్ల మాలీనా, ఇమాజినేషన్ వాళ్ల పవర్‌వీఆరా? అందాజాలు కట్టడం నాకూ షౌకే. కానీ మన అనంతపురం నుంచి చూస్తే అసలు సవాల్ వేరు. వేసవిలో నలభై డిగ్రీలు దాటిన రోజున ఆ గ్రాఫిక్స్ ఎంతసేపు నిలబడుతుంది?

గ్రాఫిక్స్ భాగం గట్టిగా పనిచేస్తే గర్మీ పుడుతుంది. మామూలు ఫోన్లో ఫ్యాను ఉండదు. ఆ వేడి ఫోన్ ఒంట్లోంచి బయటి గాలిలోకి పోవాలి. గాలే సెగలు కక్కుతుంటే ఎక్కడికి పోతుంది? అప్పుడు చిప్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్రకటనల్లో చూపించే జోరు మొదటి కొద్ది నిమిషాలదే. ఆ తర్వాత కనిపించేదే హకీకత్.

చిప్ చేసేవాళ్ల ఫైసలా ఇక్కడే ఉంది. ఒకే పనిని తక్కువ కోర్లతో వేగంగా చేయించవచ్చు, ఎక్కువ కోర్లతో నిదానంగానూ చేయించవచ్చు. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ రెట్టింపైతే కరెంటు ఖర్చు నాలుగు రెట్లవుతుంది, వేగం వల్ల పెరిగేది దానికి అదనం. మన చెనక్కాయల బండే దీనికి మిసాల్. ఒంటెద్దును చర్నాకోలతో పరిగెత్తిస్తే నురగలు కక్కుతుంది. జోడెద్దులైతే అదే బరువును నిదానంగా లాగేస్తాయి. కానీ రెండో ఎద్దుకు పైసలు కావాలి. కోర్లు పెరిగితే సిలికాన్ జాగా పెరుగుతుంది, దాంతో ధరా పెరుగుతుంది. అందుకే పెద్ద కోర్ల గుంపు ఖరీదైన చిప్‌లకు, మిగిలింది గరీబు చిప్‌లకు.

ఆర్మ్ కంపెనీ మాలీ-జీ57 గ్రాఫిక్స్‌ను 2019లో ప్రకటించింది. 2024లో వచ్చిన మీడియాటెక్ డైమెన్సిటీ 6300లోనూ అదే ఉంది, అదీ రెండే కోర్లతో. పేరు కొత్తది, దిల్ పాతది. పాతది కావడం ఐబ్ కాదు, ఆ సంగతి కొనేవాడికి తెలియకపోవడమే ఐబ్.

పై తరగతిలో పోటీ ఇంకో తీరు. సామ్‌సంగ్ 2022లో ఎక్సినాస్ 2200లో ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ పెట్టి, వెలుగునీడలను అసలులా చూపించే రే ట్రేసింగ్‌ను ఫోన్‌లోకి తెచ్చింది. యాపిల్ 2023లో ఏ17 ప్రోతో ఆ దారే పట్టింది. గూగుల్ మాత్రం 2025లో టెన్సర్ జీ5కి మాలీని వదిలి పవర్‌వీఆర్ తీసుకుంది, రే ట్రేసింగ్ జోలికి పోలేదు. నాకైతే ఆ వదిలేయడం సమఝ్‌దారీగానే కనిపిస్తుంది.

ఇక రాబోయే రెండేళ్ల మీద నా అందాజా: ఖరీదైన చిప్‌లలో రే ట్రేసింగ్ ఇంకా పెరుగుతుంది. మన చేతికొచ్చే చిప్‌లలో అవే పాత కోర్లు ఉంటాయి, పైన ఏఐ అనే స్టిక్కర్ పడుతుంది. నా రాయి అడిగితే, ఆ తళుకులకు పెట్టే ఖర్చుతో బజెట్ చిప్‌కు ఇంకో రెండు కోర్లు ఇచ్చి నిదానంగా నడిపించమంటాను.

ఇది ఆటల గొడవే కదా అనుకోకండి. నికాహ్, వలీమా వీడియోలను ఫోన్‌లోనే ఎడిట్ చేసి రోజీ సంపాదించే పిల్లలు మన మొహల్లాల్లో ఉన్నారు. ఫోన్ కాలి నెమ్మదిస్తే వాళ్ల మెహనత్‌కే నుక్సాన్. వానలు లేక చేను ఎండిన ఏడాది, అమ్మీ చీటీ పాడి కొనిచ్చిన ఫోన్ అది. రెండేళ్లకే మార్చే తాహత్ ఎవరికుంది?

ఇంకో మాట. పిల్లల చదువుకు పెద్ద గ్రాఫిక్స్ కావాలని ఎవరైనా చెబితే నమ్మకండి. వీడియో పాఠాన్ని విప్పి చూపించే పని చిప్‌లో వేరే భాగానిది. పాఠాలు, పీడీఎఫ్‌లు, వీడియో కాల్స్ వరకే అయితే గ్రాఫిక్స్ పేరు మీద అదనంగా ఇచ్చే పైసల్లో ఫాయిదా లేదు. ఆటకో, ఎడిటింగ్‌కో కొంటుంటే మాత్రం మూడు సంగతులు తెలుసుకోండి: గ్రాఫిక్స్ పేరేమిటి, కోర్లెన్ని? ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపాక వేగం ఎంత మిగులుతుంది? అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? గ్రాఫిక్స్‌ను నడిపించే డ్రైవర్ పాతబడితే చిప్ బాగున్నా కొత్త గేములు తడబడతాయి.

ఈ రంగంలో మనవాళ్లు తక్కువేం లేరు. ఏఎమ్‌డీ, యాపిల్, ఇంటెల్‌లలో గ్రాఫిక్స్ పనిని ముందుండి నడిపిన రాజా కోడూరి తెలుగువాడే. క్వాల్‌కామ్, ఏఎమ్‌డీల ఇంజనీర్లు హైదరాబాద్‌లోనూ పనిచేస్తున్నారు. వాళ్లకు మన ఎండ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నా గుజారిష్ ఒక్కటే. చల్లని గదిలో తీసిన గరిష్ఠ వేగంతో పాటు, నలభై డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాల తర్వాత మిగిలే వేగాన్నీ డబ్బా మీద అచ్చు వేయండి. అది చూసి ఏది కొనాలో మేమే తేల్చుకుంటాం.